తెల్లది బంద్

సదానందం ఆ పొద్దున వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కంపెనీ దవాఖానకు వెళ్లడం, గని కార్మికులకు ఎప్పటికప్పుడు చేసే వైద్య పరీక్షకు హాజరు కావడం, రక్తం ఇవ్వడం, కళ్లు చూపించుకోవడం, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టడం, వదలమంటే వదలడం. ఆ తర్వాత గోదావరిఖని చౌరస్తాలో మెత్తటి ఇడ్లీలు సాంబారులో నానబెట్టుకుని తిని, ఎండ ముదరకముందే క్వార్టర్‌కు చేరి, ఫ్యాను కింద వెల్లకిలా పడుకోవడం. షిఫ్టుల మనిషికి ఇంత సులువైన రోజు దొరకడం అరుదు కాబట్టి అతను రాత్రే గడ్డం గీసుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఇడ్లీలు మెత్తగానే ఎందుకు ఉండాలంటే, ఎడమ దవడ చివరి పన్ను ఒకటి పుచ్చి, చుట్టూ చిగురు వాచి, కొన్నాళ్లుగా అతని ప్రాణం తోడేస్తోంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెబితే పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోతారు. సదానందం గనిలో హాలేజి ఆపరేటర్. బొగ్గు నింపిన టబ్బుల్ని ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం అతని చేతి కింద ఉంటుంది. నెత్తి మీద కప్పు చప్పుడు చేసినా తొణకని ఆ మనిషికి, పళ్ల డాక్టరు చేతిలో పటకారు గుర్తొస్తే మాత్రం అరచేతులు చెమర్చుతాయి. అందుకని పన్ను మీద ఒక లవంగం పెట్టుకుని రోజులు నెట్టుకొస్తున్నాడు.

వాపును దాచడం మామూలుగా అయితే కష్టమే. బొగ్గుబాయి వాళ్ల అలవాటొకటి అతన్ని కాపాడింది. షిఫ్టు దిగి వచ్చాక గొంతులో పట్టిన దుమ్ము పోతుందని వాళ్లు బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటారు. దుమ్ము పోతుందో లేదో బెల్లానికే తెలియాలి. సదానందం బుగ్గ ఉబ్బి కనిపించినప్పుడల్లా భార్య అనసూర్య అది బెల్లమే అనుకునేది.

"పరీక్షకు పరిగడుపున పోవాలె గదా, పొద్దుగాల్నే బెల్లం ఏందయ్యా?" అని ఆ రోజు కూడా అడిగింది.

"గొంతుల గరగర అయితున్నది," అన్నాడు సదానందం, నోటికి కుడిపక్క నుంచి మాత్రమే మాట్లాడుతూ.

రక్తం ఇచ్చేదాకా, ఇడ్లీలు తినేదాకా అంతా అనుకున్నట్టే జరిగింది. తిన్నవాడు తిన్నగా ఇంటికి పోకుండా, ఫలితం ఎట్లా ఉందో అడిగి పోదామని మళ్లీ ల్యాబు కిటికీ దగ్గర ఆగాడు. లోపల రక్తపరీక్షలు చేసే ఆమోసు ఉన్నాడు. ఒకే కాలనీ వాళ్లు, పాత పరిచయం.

"అన్నా, ఎర్ర కణాలు మంచిగనే ఉన్నయి," అన్నాడు ఆమోసు. "తెల్ల కణాలే జెర పెరిగినయి. ఫికర్ చెయ్యకు, ఎందుకు పెరిగినయో రేపు డాక్టరమ్మ చూస్తది. ఒంట్ల యాడన్న నొప్పి గిట్ల ఉన్నదా?"

సదానందానికి పన్ను గుర్తొచ్చింది. పన్ను వెంట పటకారు గుర్తొచ్చింది. పన్ను ఉండేది నోట్లో, రక్తం ఉండేది నరాల్లో, ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని అక్కడికక్కడే తేల్చుకున్నాడు.

"ఏం లేదు తమ్మీ, గుండు లెక్క ఉన్న," అని చెప్పి వచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి అనసూర్య తమ్ముడు రఘుపతి కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. శ్రీరాంపూర్ గనిలో పని, ఆ రోజు వారపు సెలవు. రఘుపతికి తెలియని విషయం లేదు, తెలుసుకున్న విషయమూ లేదు. బావ చెప్పింది విని చాయ్ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"తెల్ల కణాలు పెరిగినయా? బావా, నువ్వు ముందుగాల కూసో."

"ఏమైతది పెరిగితే?"

"తెల్లవి పెరిగితే ఎర్రవాటిని తింటయి బావా. దినాం ఇన్నిన్ని తింటయి. ఎర్రవి ఒడిసినయనుకో..." అని ఆగి, అక్క ముఖం చూసి, "అక్కా, జెర బావకు మంచినీళ్లియ్యి," అన్నాడు.

ఎర్రవి అయిపోయిన తర్వాత ఏమవుతుందో ఎవరూ అడగలేదు. సదానందం మంచినీళ్లు తాగాడు. చల్లటి నీళ్లు పన్నుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లు చూసి అనసూర్య గుండె జారిపోయింది. ఈయన కంట నీరు ఆమె పెళ్లయిన నాటి నుంచి చూడలేదు.

"ఇప్పుడేం జెయ్యాలెరా?" అని తమ్ముణ్ని అడిగింది.

"ఏం లేదక్కా. తెల్లది బంద్. ఎర్రది పెంచాలె. తెల్లవాటికి తిండి దొరకొద్దు, ఎర్రవాటికి తక్కువ కావద్దు. గంతే ముచ్చట."

అనసూర్య ఏడవలేదు. తాను ఏడిస్తే ఆయన ఇంకా భయపడతాడని వంటింట్లోకి పోయింది. అన్నం తెల్లన కాబట్టి గిన్నె దించేసింది. పాలు, పెరుగు, ఇడ్లీపిండి పక్కింటికి వెళ్లిపోయాయి. మార్కెట్ నుంచి రఘుపతి సంచెడు బీట్‌రూట్లు, దానిమ్మకాయలు, టమాటలు మోసుకొచ్చాడు. వచ్చీ రాగానే గూట్లో ఉన్న టూత్‌పేస్టు కనిపించింది.

"గిదేంది, తెల్లగున్నది. బావా, నువ్వు ఇయ్యాల్టి సంది ఎర్ర పళ్లపొడి."

"పళ్లపొడి రక్తంల కలుస్తదారా?"

"ఏ తొవ్వల పోయి కలుస్తదో మనకేం తెలుస్తది? మనం మన జాగ్రత్తల ఉండాలె."

ఆ మధ్యాహ్నం సదానందం పడ్డ బాధ పగవాడికి కూడా రాకూడదు. ఎర్ర పళ్లపొడి చిగురుకు తగలగానే మంట నడినెత్తికి ఎక్కింది. ఉడికిస్తే బలం పోతుందని రఘుపతి పచ్చి బీట్‌రూట్ ముక్కలే నమలమన్నాడు. దానిమ్మ గింజ ఒకటి వెతుక్కుంటూ పోయి సరిగ్గా పుచ్చిన పన్నులోనే ఇరుక్కుంది. సదానందం గోడ పట్టుకుని మూలిగాడు. ఇది పన్ను మూలుగని చెప్పే ధైర్యం లేక మూలిగిన ప్రతిసారీ "కడుపుల తిప్పుతున్నది" అన్నాడు. కడుపులో తిప్పడం కూడా తెల్ల కణాల పనేనని రఘుపతి చెప్పాడు. సాయంత్రానికి చిగురు చీము పట్టి ఒళ్లు వెచ్చబడింది. అనసూర్య నుదురు ముట్టి చూసి ఇంకో బీట్‌రూట్ తెచ్చి పెట్టింది.

పక్కింటి పూలమ్మకు పాలూ పెరుగూ ఇడ్లీపిండీ ఊరికే వచ్చాయి. ఊరికే వచ్చిన వాటి వెనక సంగతి కనుక్కోకపోతే ఆమెకు నిద్ర పట్టదు. కనుక్కుంది. కనుక్కున్నది తన దగ్గరే ఉంచుకునే అలవాటు ఆమెకు లేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. బొగ్గుగనుల్లో పెద్ద జబ్బు పడిన మనిషిని డాక్టర్లు అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి దక్కే పద్ధతి ఉంది. అందుకని ఈ ప్రాంతంలో ఎవరికైనా జబ్బని వినగానే జనం అయ్యో అనాలో, అదృష్టం అనాలో తేల్చుకోలేక కాసేపు ఊరుకుంటారు. సదానందానికి పెళ్లీడు కొడుకు ఉన్నాడు. పేరు ప్రశాంత్. మెయిన్ రోడ్డు మీద చిన్న దుకాణం పెట్టుకుని, కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాడు. సాయంత్రం అతను దుకాణం మూసి వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల తండ్రి ఎర్ర చారల దుప్పటి కప్పుకుని, ఎర్రబడిన పెదవులతో కూర్చున్నాడు.

వచ్చినవాళ్లందరూ మంచివాళ్లే. ఒకాయన సదానందం చేయి పట్టుకుని "ధైర్యంగ ఉండు" అని, అటు తిరిగి ప్రశాంత్ చేయి పట్టుకుని "మంచిది బిడ్డా" అన్నాడు. ఇంకొకాయన, మొదట గనిలో కూలీగా, అంటే జనరల్ మజ్దూర్‌గానే తీసుకుంటారనీ, చదువుకున్నవాడు కాబట్టి తర్వాత గని బయట చేసే పైపనికి రావచ్చనీ సదానందం మంచం మీదే కూర్చుని వివరించాడు. పూలమ్మ అయితే ఇంకా ముందుకు పోయింది.

"అక్కా, ఇది మాట్లాడే టైం గాదు గని," అని మొదలుపెట్టి మాట్లాడనే మాట్లాడింది. "కాసిపేటల మా అన్న బిడ్డ ఉన్నది. కంపెనీ నౌకరి పిలగాడైతేనే ఇస్తమంటున్నరు. నీ కొడుకు కోసం ఇంకెవ్వలకు మాట ఇయ్యకున్రి."

"మా ఆయన గిట్లుంటే నీకు పెండ్లి ముచ్చట ఎట్ల వస్తున్నది పూలమ్మా?" అంది అనసూర్య. ఆ గొంతు విని పూలమ్మ చెప్పులు వెతుక్కుంది.

సదానందం ఇవేవీ పట్టించుకోలేదు. అతని చూపంతా కొడుకు మీదే ఉంది. ప్రశాంత్ గుమ్మం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరేమన్నా అవుననలేదు, కాదనలేదు. వద్దని ఒక్క మాట అని ఉంటే బాగుండేదని సదానందానికి అనిపించింది. పన్ను కన్నా ఎక్కువ నొప్పి ఆ మౌనమే పెట్టింది. బతకాలనే ఆశ అతనికి గట్టిగానే ఉంది, కానీ తాను బతకడం ఇంట్లో ఎవరికైనా అడ్డమేమోననే అనుమానం ఇంతకుముందెప్పుడూ రాలేదు.

జనం వెళ్లాక భార్యను అడిగాడు. "పిలగాడు ఏమంటున్నడు?"

"ఏమంటడు, నోరే తెరుస్తలేడు."

"నౌకరి వస్తదని లోపల లోపల ఖుషీగ ఉన్నడేమో."

"జెరమొచ్చి ఏదో ఒకటి మాట్లాడుతున్నవు. పండుకో," అని అనసూర్య దుప్పటి సర్దింది. ఆమె చేతులు కూడా బీట్‌రూట్ రంగులో ఉన్నాయి.

తెల్లవారింది. సదానందం బాత్‌రూంలోకి వెళ్లాడు. వెళ్లినవాడు ఎంతసేపటికీ రాలేదు. చివరికి తలుపు తెరుచుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అనసూర్యా, అయిపోయింది," అన్నాడు నెమ్మదిగా. "మూత్రం ఎర్రగ వస్తున్నది. ఎర్రవన్ని పోతున్నయి."

రాత్రి అక్కడే ఉండిపోయిన రఘుపతి లోపలికి తొంగి చూసి వచ్చాడు. అతని ముఖం కూడా మొదటిసారి పాలిపోయింది. "తినుడు బంద్ చేసినం గదా," అన్నాడు. "తిండి లేక తెల్లవి ఎర్రవాటిని బయటికి ఎల్లగొడుతున్నయి."

ప్రశాంత్ అప్పటికే ఆటో పిలిచాడు. తండ్రిని పొదివి పట్టుకుని ఎక్కించి, తల్లినీ ఎక్కించుకుని, పక్కన కూర్చుని, దవాఖాన వచ్చేదాకా చేయి వదల్లేదు. వెనక ఇంకో ఆటోలో రఘుపతి, పూలమ్మ, పూలమ్మ చేతిలో టిఫిన్ డబ్బా నిండా బీట్‌రూట్ కూర. పోయేది దవాఖానకు అయినా ఉత్త చేతుల్తో పోవడం ఆమెకు నచ్చదు.

డాక్టర్ క్రిస్టినా ఈ కాలనీల్లోనే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న కూడా గనిలో దిగినవాడే. గదిలోకి ఒక రోగి రావలసింది, నలుగురైదుగురు తోసుకుని వచ్చినా ఆమె ఏమీ అనలేదు. కూర్చోమని సైగ చేసేలోపే రఘుపతి ముందుకొచ్చాడు.

"మేడం, మా బావకు తెల్ల కణాలు ఎర్రవాటిని తిన్నయి. ఇగ అన్‌ఫిట్ ఎప్పుడు రాస్తరు? అల్లుని దరఖాస్తు..."

"మామా, నువ్వు జెర ఊకో," అన్నాడు ప్రశాంత్. "మేడం, నాకు బాయి నౌకరి వద్దు. నా దుకాణం నాకున్నది. మా బాపును మంచిగ చెయ్యిన్రి, గంతే. ఏ ఊరికి తీస్కపోమ్మన్న తీస్కపోత."

సదానందం కొడుకు వైపు చూశాడు.

"నిన్న అందరు గన్ని మాటలంటుంటె ఎందుకు మాట్లాడలేదురా?"

"నోరు తెరిస్తె ఏడుపొస్తదని తెరవలేదు బాపు," అన్నాడు ప్రశాంత్, అన్నట్టే కళ్లు తుడుచుకుంటూ.

ఆ మాటతో సదానందానికి సగం జబ్బు అక్కడే తగ్గిపోయింది. చచ్చినా ఫరవాలేదనిపించింది, వెంటనే ఇప్పుడు చావడం అన్యాయమనీ అనిపించింది. క్రిస్టినా వాళ్లిద్దరికీ కాస్త సమయమిచ్చి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కాకా, నిన్న ఏం తిన్నవు?"

అనసూర్య చెప్పింది. బీట్‌రూట్ పచ్చిది, బీట్‌రూట్ రసం, బీట్‌రూట్ తురుము, దానిమ్మ, టమాట, ఎర్ర కారం. మధ్యలో ఇంకో బీట్‌రూట్.

"మరి మూత్రం ఏ రంగుల రావాలె?" అంది క్రిస్టినా. "అది రక్తం గాదు కాకా, బీట్‌రూట్ రంగు. కొందరికి అట్ల వస్తది. నీ అనుమానం పోవడానికి పరీక్ష కూడ చేయిస్త."

అనసూర్య గోడకు ఆనుకుని, నిన్నటి నుంచి ఆపుకున్న ఊపిరి వదిలింది. రఘుపతి మాత్రం వదల్లేదు. "తెల్ల కణాల సంగతి చెప్పున్రి మేడం," అన్నాడు.

"కాకా, బాయిల నీ పనేంది?"

"హాలేజి, మేడం."

"అయితే నీకు అర్థమైతది. ఎర్ర కణాలంటే నీ టబ్బుల లెక్క. ఊపిరితిత్తుల కాడ గాలిని నింపుకొని ఒళ్లంత తిరిగి దించి వస్తయి. అవి తక్కువైతే ఆయాసం, నీరసం. నీకు తక్కువ లేవు. తెల్ల కణాలు రెస్క్యూ టీము. ఒంట్లకు క్రిములు జొరబడ్డయంటే కొట్లాడెటందుకు ఎక్కువమంది దిగుతరు. నిన్న పెరిగినయి అన్నది గదే."

"అంటే అవి ఎర్రవాటిని తినయా?" అన్నాడు రఘుపతి.

"రెస్క్యూ వాళ్లు టబ్బులెందుకు తింటరన్నా?" అంది క్రిస్టినా. "చానా ఎక్కువ పెరిగితే అది వేరే ముచ్చట, అప్పుడు వేరే పరీక్షలు చెయ్యాలె. కాకకు పెరిగింది జెర్రంత. రెస్క్యూ బండి కనబడితే పొగ యాడ లేసిందో చూడాలె గని, బండికి డీజిల్ బంద్ చేస్తమా? పాలు తాగితే తెల్లవి పెరగవు, అన్నం మానేస్తే తగ్గవు. ఇగ చెప్పు కాకా, పొగ యాడున్నది? యాడన్న పుండా, నొప్పా?"

సదానందం నేల చూశాడు. "ఏం లేదు మేడం."

"ఆ బుగ్గ ఏంది?"

"అది బెల్లం మేడం," అంది అనసూర్య. "ఎప్పటికి బుగ్గల పెట్టుకొనే ఉంటడు."

క్రిస్టినా లేచి, ఒక వేలితో ఆ బెల్లాన్ని మెల్లగా నొక్కింది. సదానందం వేసిన కేక బయట వరసలో కూర్చున్నవాళ్లందరినీ నిలబెట్టింది. అందులో ఒకాయన భయపడి తన వంతు వదులుకుని వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

"బెల్లం గింత నొప్పి పెడతదా?" అంది క్రిస్టినా.

అనసూర్యకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పరిగడుపున బెల్లం, నీళ్లు తాగితే కన్నీళ్లు, దానిమ్మ తింటే మూలుగు, కుడిపక్క మాటలు. ఒక రాత్రంతా ఈయన లేని ఇంటిని ఊహించుకుంటూ మేలుకున్నది ఒక పంటి కోసమా అని ఒళ్లు మండింది. ఆ వెంటనే, పంటి కోసమే అయినందుకు కడుపు నిండిపోయింది. ఏది ముందు చెయ్యాలో తెలియక అతని వీపు మీద ఒకటి చరిచి, అక్కడే కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

"పటకారుకు భయపడి గింత మందిని సంపినవు గదయ్యా," అంది కొంగు చాటు నుంచి.

"పన్నుకు రక్తానికి సంబంధం ఉంటదని నాకేం ఎరుక?" అన్నాడు సదానందం. ఇప్పుడు నోరంతా ఉపయోగించి మాట్లాడుతున్నాడు. దాచడానికి ఏమీ లేకపోయేసరికి నొప్పి కూడా కాస్త తగ్గినట్టుంది.

పళ్ల డాక్టరు గది అదే వరండా చివర ఉంది. ఆ గదికి నడుస్తుంటే ఎప్పటిలాగే అరచేతులు చెమర్చాయి కానీ కాళ్లు ఆగలేదు. నిన్నటి నుంచి చావు దాకా వెళ్లి వచ్చిన మనిషికి పటకారు చూస్తే అదేమంత పెద్ద వస్తువుగా కనిపించలేదు. మత్తు సూది వేసేటప్పుడు కొడుకు చేయి గట్టిగా పట్టుకున్నాడు. పన్ను బయటికి వచ్చాక చూసి, ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయాడు.

వరండాలో అప్పటికే కాలనీ వాళ్లు మరికొందరు చేరారు. రఘుపతి వాళ్లకు రెండు చేతులూ ఊపుతూ వివరిస్తున్నాడు. "తెల్ల కణాలంటే రెస్క్యూ టీము. అవి పెరిగినయంటే మన పానం కాపాడుతున్నట్టు. మొదటి సంది నేను అదే చెప్తున్న, మా అక్కనే కంగారు పడ్డది." పూలమ్మ డబ్బా మూత తీసి, ఇంక ఎవరూ తినరని తెలిసి మళ్లీ పెట్టేసింది. ప్రశాంత్ పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"అయితే బిడ్డా, నీకు కంపెనీ నౌకరి రానట్టేనా?"

"రానట్టే చిన్నమ్మా. మా బాపు ఫిట్ ఉన్నడు," అన్నాడు ప్రశాంత్. ఇన్నాళ్లలో ఆ మాట అంత సంతోషంగా అన్న కొడుకు ఆ దవాఖాన వరండాలో ఇంకొకడు ఉండి ఉండడు. "మీ అన్న మోటార్ పంపు కాలిపోతే మాత్రం నా దుకాణం చూపియ్యి."

సదానందం మందులతో, దవడ నిండా దూదితో మళ్లీ క్రిస్టినా ముందుకు వచ్చాడు. వాపు దిగాక మళ్లీ ఒకసారి రక్తం చూస్తాననీ, తెల్ల కణాలు వాటంతటవే మామూలు లెక్కకు వస్తాయనీ, అప్పుడు ఫిట్ రాసి ఇస్తాననీ ఆమె చెప్పింది. పెరుగన్నం మెత్తగా కలుపుకుని తినమంది. పెరుగన్నం అనగానే అనసూర్య ముఖం విప్పారింది. లోకంలోని తెల్లటివన్నీ ఒక్కరోజులో తిరిగి వచ్చినట్టు అనిపించింది ఆమెకు.

అందరూ లేచారు. సదానందం లేవలేదు. దూది వల్ల మాట రాక చేత్తో ఏదో సైగ చేశాడు. క్రిస్టినాకు అర్థం కాలేదు. ప్రశాంత్ దగ్గరికి వంగి విని, నవ్వు ఆపుకుంటూ ఆమెకు చెప్పాడు.

"ఒక వారం సిక్కు రాస్తరా అని అడుగుతున్నడు మేడం. డ్యూటీకి పోకుండ ఇంటికాడ ఉంటడట."

"ఒక్క పన్నుకు వారమా?" అంది క్రిస్టినా.

సదానందం వెంటనే రెండు వేళ్లతో బుగ్గ పట్టుకుని దీనంగా మూలిగాడు. నిన్నంతా ప్రాణం పోతుందేమోనని వణికిన మనిషి, అప్పుడే డ్యూటీకి ఎగనామం పెట్టే ఉపాయం వెతుకుతున్నాడంటే, పూర్తిగా కోలుకున్నట్టే లెక్క.